జ్వరం సెట్టులో చిన్న మాత్ర

పుణె,
ఆదివారం పొద్దున.

పుంగనూరులో ఉన్న అన్న శ్రీనివాసులుకు చెల్లెలు రెడ్డిరాణి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, వదిన, చిన్ని బాగున్నారని తలుస్తాను. కుప్పంలో మన గంగక్క కూడా బాగుందని తలవడం మాత్రం నాకు చేతకావడం లేదు. అది చేతకాకనే ఈ కాగితం పట్టుకున్నాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నీకు నవ్వు రావచ్చు. నవ్వుకో. కొండల నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచి నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో నా వేలికి తెలుసు. ఎత్తిన రెండుసార్లూ “అంగట్లో జనముండారు మే, మళ్లీ చేస్తా” అన్నావు. ఆ మళ్లీ ఇంతవరకు రాలేదు. వాట్సాప్‌లో రాస్తే నువ్వు చదివినట్టు నీలం గీతలు పడ్డాయి గానీ జవాబు పడలేదు. వదిన ఫోనుకు చేస్తే అదీ నువ్వే ఎత్తి, ఆమె స్నానానికి పోయిందంటావు. వదిన రోజుకు ఎన్ని స్నానాలు చేస్తుందో నాకు అర్థం కావడం లేదు. ఉత్తరాన్ని మధ్యలో కట్ చేయలేవు కాబట్టి చివరిదాకా చదువు.

ముందు నా సంగతులు చెప్పేస్తాను. ఇక్కడ వాన పట్టిందంటే వదలదు. మన పక్క ఒక్క వాన కోసం మొగులు చూసి చూసి మెడలు నొప్పి పుడతాయి. ఇక్కడ ఉతికిన బట్ట నాలుగు రోజులైనా ఆరదు, తడి వాసన వేసే చొక్కాతోనే డ్యూటీకి పోతున్నాను. పొద్దున అటుకుల ఉప్మా, మధ్యాహ్నం చపాతీ, రాత్రి మళ్లీ చపాతీ. సంగటి ముద్ద కలలోకి వస్తోంది. వదిన కట్టిచ్చిన చెనక్కాయల పొడితోనే నెట్టుకొస్తున్నాను, దానికీ డబ్బా అడుగు కనపడుతోంది. ఒంట్లో బాగానే ఉంది, నా గురించి బెంగ పెట్టుకోవద్దని వదినకు చెప్పు. పనిలోనూ ఇబ్బంది లేదు. బండ్ల విడిభాగాలు చూసి మంచివి ఒక పక్క, చెడ్డవి ఒక పక్క పెట్టే పని నాది. ప్రతి ముక్క మీదా ఒక నంబరు ఉంటుంది. ఏ రోజు చేశారో, ఎవరు చేశారో, ఎవరు చూసి వదిలారో ఆ నంబరును బట్టి చెప్పొచ్చు. నంబరు లేని ముక్క ఎంత బాగున్నా చెత్త డబ్బాలోకే పోతుంది. ఇనప బోల్టుకు ఇక్కడ ఇచ్చే ఆ మర్యాద, మనుషుల నోట్లో వేసే మాత్రకు నువ్వు ఇవ్వలేదు.

కోపంగా రాస్తున్నానని నాకు తెలుసు. చల్లారాక రాద్దామని వారం ఆగాను. చల్లారలేదు.

నా రూములో ఉండే స్నేహల్ గురించి నీకు చాలాసార్లు చెప్పాను. ఈ ఊరికి వచ్చిన కొత్తలో భాష రాక, తిండి పడక నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని అన్నం వండిపెట్టిన పిల్ల. ఆ పిల్లతో కలిసి, కంపెనీలో పని చేసే ఏడుగురం మూడు రోజులు కొండల్లో నడిచి వద్దామని అనుకున్నాం. సామానంతా ఎవరిది వాళ్లు వీపున మోయాలి. ఒకరికి వంట సామాను, ఒకరికి గుడారాలు, నాకు మందుల సంచి అప్పగించారు. మీ ఇంట్లో మెడికల్ షాపు ఉంది కదా, నీకంటే ఎవరికి తెలుసు అన్నారు. నేనూ గొప్పలు పోయాను. మా నాయన పెట్టిన అంగడి, ఇప్పుడు మా అన్న చూస్తాడు, మా అన్న హస్తవాసి అంత మంచిది, రామసముద్రం నుంచి, నిమ్మనపల్లె నుంచి కూడా బస్సులెక్కి మా అంగడికే వస్తారు అని చెప్పాను. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మా జట్టుకు పెద్ద ప్రశాంత్ అనే అతను. ఏమేం కావాలో కాగితం మీద రాసిచ్చాడు. జ్వరానికి, నొప్పులకు, వాంతులకు, విరేచనాలకు, అలర్జీకి మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, గాయానికి కట్టు గుడ్డ, పూత మందు. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒకటే, బరువు తగ్గించాలి, అట్టపెట్టెలు సీసాలు వద్దు. ఆ కాగితం పట్టుకునే పోయిన నెల ఇంటికొచ్చాను. శనివారం సాయంత్రం అంగట్లో మనిద్దరం నిలబడి ఆ సంచి సర్దాం. నువ్వు మర్చిపోయి ఉంటావు. నేను మర్చిపోలేదు, మాటకు మాట గుర్తు చేస్తాను.

నేను మాత్రల్ని రేకుతో సహా పట్టీలు పట్టీలుగా ఇవ్వమన్నాను. నువ్వు నవ్వావు.

“యాల మే అన్ని పట్టీలు మోసేది? బరువుండకూడదంటావు, మళ్లీ పట్టీలంటావు. సెట్లు కట్టిస్తాను. జ్వరమొస్తే ఒక పొట్లం నోట్లో ఏసుకొని నీళ్లు తాగితే సాలు.”

సెట్టంటే నాకు ఒకరు చెప్పాలా. కాలేజీ నుంచి రాగానే సంచి పక్కన పడేసి కూర్చుని నేనే కట్టేదాన్ని. జ్వరమని వచ్చిన మనిషికి మూడు నాలుగు రకాల పట్టీల నుంచి ఒక్కో మాత్ర నొక్కి ఊడదీసి, చిన్న కాగితంలో కలిపి మడిచి, పూటకో పొట్లమని ఇవ్వడం. మందు పేరున్న పట్టీ మన చెత్తబుట్టలో ఉంటుంది, మాత్ర వాడి జేబులోకి పోతుంది. నీకంటే నేనే వేగంగా మడిచేదాన్ని, అందుకు నాకు గర్వంగా కూడా ఉండేది.

నాయన ఉన్నన్నాళ్లు అంగట్లో సెట్టు లేదు. నాయన పట్టీని కత్తిరిస్తే పేరున్న అంచు కొనేవాడి ముక్కకు వచ్చేట్టు కత్తెర పెట్టేవాడు. చదువు రానివాళ్లకు కాగితం మీద పొద్దుటికి ఒక సూర్యుణ్ణి, రాత్రికి ఒక చందమామను పెన్సిలుతో గీసిచ్చేవాడు. సెట్టు తెచ్చింది నువ్వు. ఎందుకన్నా అని అడిగితే నువ్వే చెప్పావు. “పేరు తెలిస్తే ఇంకో అంగట్లో కొనుక్కుంటారు మే. తెలీకపోతే మనకాడికే రావాల.” అప్పుడు మా అన్నకు ఎంత తెలివి అని మురిసిపోయాను. నా బుద్ధి అంతే ఉండేది.

ఆ శనివారం బల్లకు అవతల తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు, రామసముద్రం పక్క రైతు. మనం సర్దుతుంటే చూస్తూ, “ఈ అంగడి సెట్టు ఏసుకుంటే తెల్లారికి మడక పట్టి దున్నొచ్చు పాపా. మీయన్న సెయ్యి అట్లాంటిది” అన్నాడు. నీ మొహం వెలిగిపోయింది. అప్పుడే నేను అడిగాను.

“అన్నా, మా స్నేహల్‌కి నొప్పుల మాత్రలు పడవంట. ఒకతూరి ఏసుకుంటే ఒళ్లంతా ఉబ్బిందంట. ఈ జ్వరం సెట్లో అట్లాంటిదేమన్నా ఉండాదా?”

నువ్వు తల ఎత్తలేదు. “లేదు మే. జ్వరం మాత్ర, జలుబు మాత్ర, గ్యాసు మాత్ర. అంతే.”

“ఈ తెల్లగా సిన్నది ఏంది?”

“అదే గ్యాసు మాత్ర. పట్నమోళ్లకు తుమ్మినా అలర్జీనే. నువ్వు భయపడొద్దు.”

పెద్దాయన నవ్వాడు. నేనూ నవ్వాను. నువ్వు జ్వరం పొట్లాలకు ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టావు, విరేచనాలవాటికి నీలం చుక్క, వాంతులవాటికి రెండు నల్ల గీతలు, అలర్జీవాటికి ఆకుపచ్చ. సంచి మొత్తం నా అరచేతిలో పట్టింది. ఇక్కడికి తెస్తే ప్రశాంత్ కూడా భలే సర్దావని మెచ్చుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం వరకు బాగానే నడిచాం. పొద్దుటి నుంచి ఒకటే వాన. నా సంచి పైన కప్పిన ప్లాస్టిక్ గుడ్డ ఎక్కడో చిరిగిందని నాకు తెలియలేదు. కొండ కింద ఒక చిన్న ఊళ్లో, ఎవరిదో ఇంటి అరుగు మీద ఆగాం. స్నేహల్ వణికిపోతోంది, ఒళ్లు కాలిపోతోంది. నేను సంచిలో పైనున్న ఎర్ర చుక్క పొట్లాలు రెండు తీసి, ఒకటి రాత్రికని జేబులో వేసుకుని, ఒకటి ఇచ్చాను. ఆ పిల్ల చేతిలోకి తీసుకుని, ఇందులో నొప్పుల మాత్ర లేదు కదా అని అడిగింది. లేదు, నా ముందరే మా అన్నను అడిగాను అని చెప్పాను. నీ మాట నా నోటితో చెప్పాను. నీళ్లు కూడా నేనే పట్టాను.

అరగంట కాలేదు. ముందు పెదవులు దురద పెడుతున్నాయంది. తర్వాత కళ్లు మూసుకుపోయేంతగా మొహం వాచింది. గొంతు బిగుస్తోందని చేత్తో చూపించింది, మాట రాలేదు. అలర్జీ మాత్ర ఇద్దామని నేను సంచి బోర్లించాను. అడుగున చేరిన వాన నీళ్లకు మిగతావాటి మీది నీ చుక్కలన్నీ కరిగి కాగితాలు కలగాపులగంగా రంగు పట్టి ఉన్నాయి. ఎర్రది ఏదో, ఆకుపచ్చది ఏదో తెలియలేదు. విప్పి చూస్తే అన్నీ మాత్రలే, ఒక్కదానికీ పేరు లేదు. మెడికల్ షాపు ఇంటి పిల్లనని చెప్పుకున్నదాన్ని, ఆ అరుగు మీద మాత్రలు చల్లుకుని కూర్చుని ఏడ్చాను అన్నా. అందరూ నా వైపే చూస్తున్నారు.

ఆ ఇంటివాళ్లు దగ్గర దారి చూపించారు. ప్రశాంత్, ఇంకొకతను స్నేహల్‌ను వీపున మార్చి మార్చి మోసుకుంటూ రోడ్డు దాకా దించారు. అక్కడ జీపు దొరికింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ సూది వేస్తూనే నన్ను అడిగింది, ఏం మాత్ర ఇచ్చావని. జ్వరం మాత్ర అన్నాను. పేరేమిటంది. నా దగ్గర పేరు లేదు. అందుకే అక్కడి నుంచే నీకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆమె హిందీలో అడిగితే నువ్వు ఏమన్నావో గుర్తు తెచ్చుకో. “ఓన్లీ పారాసిటమాల్ మేడమ్. హండ్రెడ్ పర్సెంట్.” ఆ గదిలో స్నేహల్ ఊపిరి ఈల వేసినట్టు వినపడుతోంది. ఫోనులో నీకూ వినపడి ఉంటుంది.

అంగట్లో అబద్ధం చెప్పావు, సరే, పెద్దాయన ముందర పరువు పోతుందని అనుకున్నావేమో. ఒక ఆడపిల్ల ఊపిరాడక కొట్టుకుంటుంటే డాక్టరుకు అబద్ధం చెప్పడానికి నీకు నోరెట్లా వచ్చింది. ఈ ఒక్క ప్రశ్న వారం రోజులుగా నన్ను తింటోంది.

డాక్టరమ్మ నిన్ను నమ్మలేదు. నా జేబులో మిగిలిన జ్వరం పొట్లం, తడవనిది, విప్పి స్టీలు పళ్లెంలో పోసింది. ఒక మాత్ర మీద చెక్కిన అక్షరాలు చదివి, ఇది నొప్పుల మాత్ర అంది. ఆ చిన్న తెల్లదాన్ని గోటితో అటూ ఇటూ తిప్పింది. ఇట్లాంటి పొట్లాలు మా పక్క ఊళ్లలో కూడా కడతారమ్మా, ఇది స్టెరాయిడ్ అయి ఉంటుంది, ఒకసారి కనుక్కో అంది. నేను వరండాలోకి వచ్చి మళ్లీ ఫోన్ చేశాను.

“అన్నా, ఆ సిన్న మాత్ర స్టెరాయిడా?”

“ఆ మాట ఫోన్లో ఎత్తొద్దు మే. అంగట్లో జనముండారు.”

అంతే, పెట్టేశావు. కాదు అని మాత్రం అనలేదు. సాయంత్రం నువ్వే చేశావు. “ఆ పిల్ల బాగుండాదా? మన అంగడి పేరేమన్నా సెప్పినావా?” అని ఒకే గుక్కలో అడిగావు. మొదటిదానికి నేను జవాబు చెప్పేలోపే రెండోది అడిగావు. అది విని ఫోన్ పెట్టేశాను.

స్నేహల్ బతికింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు, వాళ్లమ్మ కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మొన్న నేను ఉప్పు ప్యాకెట్టు తెస్తే, తిప్పి వెనకాల ఉన్నదంతా చదివి డబ్బాలో పోసింది. నిన్న చారు పెట్టి గిన్నె ముందర పెడితే, బాగుందని చెప్పి, తాగకుండా వదిలేసింది. ఆ పిల్లది తప్పని ఎట్లా అంటాను. కంపెనీ క్యాంటీనులో మిగతావాళ్లు పలకరిస్తారు, నవ్వుతారు, వచ్చే నెల ఇంకో కొండకు పోతున్నారని మాత్రం నాకు వేరేవాళ్లు చెబితే తెలిసింది. ఈ ఊళ్లో నాకంటూ ఉన్న ఒక్క మనిషీ ఇప్పుడు నేనిచ్చే నీళ్లు కూడా చూసి తాగుతోంది.

ఇదంతా నా కర్మ అనుకుని నోరు మూసుకుని ఉండేదాన్ని. కానీ స్నేహల్‌ను పంపించే రోజు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి ఒక మాట అడిగింది. మీ ఇంట్లో ఎవరైనా ఆ చిన్న మాత్ర రోజూ వేసుకుంటున్నారా అని. చాలా ఏళ్లు వేసుకుంటే మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, చర్మం పల్చబడుతుంది, కాస్త తగిలినా కమిలిపోతుంది, షుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి అని చెప్పుకుంటూ పోయింది. ఆమె చెబుతుంటే నా కళ్ల ముందు గంగక్క నిలబడింది.

మూడేళ్ల కింద అక్కకు వేళ్ల కణుపులు, మోకాళ్లు పట్టేసి, తోటలో బంతిపూలు కోయలేక ఏడుస్తుంటే నువ్వు సెట్టు కట్టిచ్చావు. తెల్లారికి గంప నెత్తిన పెట్టుకుని తోటకు పోయింది. నా తమ్ముడు దేవుడని కుప్పం అంతా చెప్పింది. అప్పటి నుంచి ప్రతి నెలా పలమనేరు మీదుగా పోయే కుప్పం బస్సు కండక్టరు చేతికి కవరు ఇస్తున్నావు. ఆ కవర్లలో ఎన్నిటికి నేను పొట్లాలు మడిచానో లెక్క లేదు. పోయిన నెల నేను కుప్పం పోయి చూసి వచ్చాను కదా. సన్నంగా ఉండే అక్క మొహం బూరెలా ఉంది. ఇంటి పక్కావిడ, “మీయక్క ఒళ్లు సేసింది సూడు, తమ్ముడి మందు బాగా పట్టినాది” అని మెచ్చుకుంది. అక్క కూడా సిగ్గుపడి నవ్వింది. గంప అంచు తగిలిందట, మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లగా కమిలి ఉంది. ఏందక్కా ఇది అంటే, “ఊరికే అట్లయితాది మే, వయసు కదా” అంది. అక్కకు నలభై రెండు. నేను ఉన్నంతసేపు చెంబు పక్కన పెట్టుకుని నీళ్లు తాగుతూనే ఉంది. మన కళ్ల ముందరే జబ్బు పెరుగుతుంటే, మనమందరం అది బలమని సంతోషపడ్డాం.

ఆస్పత్రి నుంచి రాగానే అక్కకు ఫోన్ చేశాను. మదనపల్లెలో పెద్ద డాక్టరుకు చూపించుకో అక్కా, రక్తపరీక్ష చేయించుకో, నాకెందుకో భయంగా ఉంది అన్నాను.

“యాల మే? నాకేం రోగం? మాత్ర ఏసుకుంటే నడస్తాండాను.”

“ఇక్కడ ఒక డాక్టరమ్మ చెప్పిందక్కా.”

“ఆ డాక్టరమ్మ నా మోకాళ్లు సూసినాదా? నా తమ్ముడు సూసినాడు. శీనుతో సెప్పించు, వాడు పొమ్మంటే ఇప్పుడే పోతాను.”

మాత్ర సంగతి ఫోనులోనే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకో విను. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, అన్నేళ్లు వేసుకున్న మనిషి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, డాక్టరు చూసి కొంచెం కొంచెంగా తగ్గించాలి అని. మన అక్క సంగతి నీకు తెలుసు. ఏదో నూనె మంచిది కాదని ఎవరో అంటే డబ్బా మొత్తం ఆ నిమిషంలోనే కాలవలో పోసిన మనిషి. ఇది చెబితే పొట్లాలన్నీ పొయ్యిలో వేస్తుంది. నేను చెప్పినా ప్రమాదమే, చెప్పకపోయినా ప్రమాదమే. ఆమె నమ్మేది నిన్ను ఒక్కణ్ణే. అక్క ప్రాణం నీ నాలుక మీద ఉంది అన్నా, అది అర్థం చేసుకో.

కాబట్టి నువ్వు చేయాల్సింది చెబుతున్నాను. అడుక్కోవడం లేదు, చెబుతున్నాను. ఉత్తరం అందిన మరుసటి రోజు అంగడి మూసి కుప్పం పో. మూయడానికి ఏమవుతుంది, జనం ఇంకో అంగట్లో కొనుక్కుంటారు. అక్కను వెంటపెట్టుకుని మదనపల్లెకు తీసుకుపో. పొట్లం కాదు, మాత్ర ఊడదీసిన పట్టీ జేబులో పెట్టుకో. ఎన్నేళ్లు ఇచ్చావో, రోజుకు ఎన్ని ఇచ్చావో డాక్టరు ముందర నిజం చెప్పు. ఆయన చెప్పేదాకా అక్క మాత్ర ఆపకూడదు, పెంచకూడదు. ఇంటికి వచ్చాక అంగట్లో ఆ సెట్లు కట్టడం మానెయ్. రామసముద్రం పెద్దాయన మళ్లీ వస్తాడు కదా, ఆయన చేతులు కూడా ఒకసారి చూడు, కమిలి ఉన్నాయేమో. ఆయననూ డాక్టరు దగ్గరికి పంపు. నేనే వచ్చేదాన్ని, కానీ సెలవులన్నీ ఆస్పత్రిలో అయిపోయాయి, నెల దాటితే గానీ దొరకవు. అక్క అంతవరకు ఆగనక్కర్లేదు.

నువ్వు చెడ్డవాడివని రాయడం లేదు. అక్క నొప్పితో ఏడుస్తుంటే నీ కళ్లలో నీళ్లు నేను చూశాను. నీకు ఆమె లేచి నడవాలి, నీ సెయ్యి మంచిదని నలుగురూ అనాలి. ఆ రెండూ ఒకే మాత్రలో దొరికాయి, ఇంక దాన్ని వదల్లేకపోయావు. నేనూ పొట్లాలు మడిచినదాన్నే, నీ ఒక్కడి మీద తోసేసి నేను తప్పుకోవడం లేదు. అయినా నీ మీద నా కోపం తగ్గలేదు. తగ్గినట్టు రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది.

వదినకు నమస్కారాలు. చిన్నికి ముద్దులు. చెనక్కాయల పొడి పంపేటట్టయితే పంపండి, దాంతోపాటు మాత్రలేవీ పెట్టొద్దు. నాయన ఫోటో దగ్గర దీపం పెట్టేటప్పుడు నా తరఫున కూడా దండం పెట్టు. అన్నగా నీకు పెట్టాల్సిన దండం మాత్రం ఈసారి నా దగ్గరే ఉంచుకున్నాను. డాక్టరు ముందర అక్క పక్కన నిలబడి ఆ చిన్న మాత్ర పేరు నీ నోటితో చెప్పిన రోజున కాళ్లకు వంగి పెడతాను.

ఇట్లు,
నీ చెల్లెలు
రెడ్డిరాణి

తా.క.: అన్నా, కవరు మీద నీ పేరు లేదని చూసే ఉంటావు. వదిన పేరు రాసి ఇంటి చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపాను. నీకంటే ముందు ఆమె చదివి ఉంటుంది.

వదినా, ఎండాకాలంలో చిన్నికి జ్వరమొచ్చిన రోజు గుర్తుందా. జ్వరం సెట్టులో సగం సగం విరిచి ఇవ్వమని నువ్వే అడిగావు. అన్న “దానికి అది వద్దు” అని, అంగట్లోంచి సీలు తీయని సిరప్ సీసా తెచ్చి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి పేరు చదివాడు, తేదీ చదివాడు, మూతతో కొలిచి పోశాడు. బిడ్డంటే ఎంత ప్రాణమో చూడు అని మనిద్దరం నవ్వుకున్నాం. అక్కకు ఇచ్చేది కూడా ఒక్కసారి అట్లాగే కిటికీ దగ్గరికి తెచ్చి, పేరు నీకు వినపడేట్టు చదవమని చెప్పు.